మజిలీలు లేని ప్రయాణం

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట దాదాపు వందమంది ఉన్నారు. ఇంటివాళ్లు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, డేరాలు, వంటసామగ్రి అన్నీ కలిపి చిన్న ఊరే కదిలింది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. సెలవు పెట్టి వెళ్లారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దారిన ప్రయాగ, కాశీ, గయ చేరి, కలకత్తా, పూరీ, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటింది.

ఈ యాత్ర సంగతులన్నీ ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లైకి రాస్తూ వచ్చారు. వీరాస్వామయ్య పోయాక 1838లో అవి ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీ మజిలీకి ఏముందో అందులో ఉంటుంది: అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా, దారి ఇసుకా రాయా. వెనక వచ్చేవాళ్లకు పనికొచ్చే సమాచారమంతా ఓపిగ్గా రాసిపెట్టిన మనిషి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని చెప్పుకునే రోజులవి. అడవులు, దొంగలు, వాంతిభేదులు ఒక పక్క. పన్నులు ఇంకో పక్క. శ్రీశైలం ఎక్కేవాళ్ల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు వసూలు చేస్తే, పూరీ, గయ, ప్రయాగల్లో సాక్షాత్తూ కుంపిణీవారే యాత్రికుల పన్ను పట్టేవారు. అది 1840లో గాని పోలేదు.

ప్రాణభయం ఉంది, డబ్బు భయం ఉంది. లేనిది తొందర ఒక్కటే. పదిహేను నెలల యాత్రలో ఏరు పొంగి నాలుగు రోజులు ఒడ్డున కూర్చోవలసి వస్తే దాన్ని ఎవరూ ఆటంకంగా లెక్కపెట్టరు. అదీ ఒక మజిలీయే. ఈ రెండు వందల ఏళ్లలో మన ప్రయాణాలకు తగిలిన దెబ్బలన్నీ వరసగా చూసుకుంటూ వస్తే నాకు ప్రధానంగా కనిపించేది ఇదే. దారిలో భయం తగ్గుతూ వచ్చింది, ఆగడానికి వ్యవధీ తగ్గుతూ వచ్చింది. ఇవాళ్టి కష్టాల్లో చాలావాటికి మూలం ఆ రెండోదే.

ఆగిపోయినవాడికి ఆ రోజుల్లో ఓ ఏర్పాటుండేది. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఇంట అంతర్వేది తీర్థానికి పోయేవాళ్లకూ, గోదావరి పాయలు దాటలేక చిక్కుకున్నవాళ్లకూ వేళ కాని వేళలో కూడా ఇంత అన్నం దొరికేది. డబ్బిచ్చి తినేవాళ్లకు పూటకూళ్ల ఇళ్లుండేవి. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ అంత గట్టి పాత్ర అయిందంటే అలాంటి ఇల్లు లేని ఊరు అప్పట్లో తక్కువ కాబట్టే. శ్రీశైలంలో కరివేనవారి సత్రం, కాశీలో ఆంధ్రాశ్రమం ఆ వరసలో ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిని పర్యాటక రంగం అని ఎవరూ అనలేదు గాని, ప్రయాణం చెడితే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు జవాబు వాటి దగ్గరుండేది.

రైలు వచ్చి లెక్క మార్చేసింది. 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదటి బండి నడిచింది. 1871కి మద్రాసు–బొంబాయి దారి కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో వంతెనలు పూర్తయ్యాక కోస్తా ప్రయాణికుడికి ఏరు దాటే బాధ తీరింది. వీరాస్వామయ్యకు పదిహేను నెలలు పట్టిన యాత్ర ఆయన మనవల తరానికి వారాల పనైంది. దాంతో పాటే టైంటేబుల్ వచ్చింది. ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు బండి అన్నాకనే ‘లేటు’ అనేది పుట్టింది.

అంతకుముందే ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా 12 మైళ్లకు ఓ ప్రత్యేక రైలు మాట్లాడి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున ఐదువందల మందిని తీసుకెళ్లాడు. మద్యపాన వ్యతిరేక సభకు. మీ ఏర్పాట్లన్నీ నేను చూస్తాను, మీరు డబ్బు కట్టి ఎక్కండి అనే వ్యాపారానికి అదే అంకురార్పణ. వీరాస్వామయ్య డేరాలు తానే మోయించుకున్నాడు. కుక్ ఖాతాదారుడు మాట ఒక్కటి పట్టుకుని బయల్దేరాడు. ఇవాళ మనమంతా అతని వారసులమే.

రైలు మనుషులతో పాటు రోగాన్నీ వేగంగా మోసింది. 1867లో హరిద్వార్ కుంభమేళా ముగిసి జనం ఇళ్లకు మళ్లగానే కలరా ఉత్తరదేశమంతా పాకింది. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడ్డాక మరుసటి ఏడే అంటువ్యాధుల చట్టం తెచ్చారు. స్టేషన్లలో బండి ఆపి, ప్రయాణికుల్ని దించి, వరసలో నిలబెట్టి చంకలూ గజ్జలూ తడిమి చూసేవారు. మద్రాసు రాజధానిలోనైతే ప్లేగు ఉన్న చోటినుంచి వచ్చినవాడికి ‘ప్లేగు పాస్‌పోర్టు’ ఇచ్చి, దిగిన ఊళ్లో రోజూ హాజరు వేయించుకోమనేవారు. 2020 మార్చిలో మన రాష్ట్రాలు కరోనా ఆంక్షలకు ఆధారం చేసుకున్నది ఆ 1897 చట్టాన్నే. చేతిమీద క్వారంటైన్ ముద్ర వేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు ఇదేదో కొత్త అవమానంలా తోచింది గాని, ముత్తాతలకు అది ఎరికే.

సముద్రం దారి కథ వేరు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగానికి, అంటే రంగూన్‌కి, స్టీమర్లు నడిచేవి. ఉత్తరాంధ్రలో రంగం వెళ్లిరాని కుటుంబం అరుదు. జపాన్ బాంబులతో ఆ దారి 1942లో తెగిపోయింది. వేలమంది తెలుగువాళ్లు కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు, రాలేనివాళ్లు దారిలోనే పోయారు. దాన్ని పర్యటనల చరిత్రలో చేర్చడం భావ్యం కాదేమో. కానీ టిక్కెట్టు కొని వెళ్లిన దారి రాత్రికి రాత్రి మూతపడడం ఎలా ఉంటుందో మనవాళ్లకు మొదట తెలిసింది అప్పుడే.

స్వాతంత్ర్యం వచ్చాక రైలుకు పెద్ద శత్రువు వాననీళ్లు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా చనిపోతే లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక ఒప్పుకోక తప్పలేదు. మంత్రి రాజీనామాను మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వంతెన సంగతి అంతగా చెప్పుకోలేదు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరద కట్టను కోసేస్తే, రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ప్యాసింజరు పెట్టెలు నీళ్లలోకి దిగిపోయాయి. అక్కడా వందమందికి పైనే.

అరకు రైలుది ఇంకో తరహా చిక్కు. కొత్తవలస–కిరండూల్ లైను బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి వేసింది. సొరంగాలు దాటుతూ 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను ఎక్కే ఆ దారి అందం ఎవరికీ పట్టలేదు మొదట్లో. 2017లో అద్దాల పెట్టె తగిలించాక దేశమంతా వస్తోంది. కానీ గూడ్సు దారిలో పర్యాటకుడు చుట్టమే. కొండచరియ విరిగిపడ్డ నాడు ముందు సరిచేసేది ఖనిజం కోసం. ఆ లోపల అరకులో గదులు ఖాళీ, బొంగులో చికెన్ కాల్చేవాళ్ల పొయ్యిలు ఖాళీ.

మనవాళ్లు సెలవుల్లో ఊళ్లు చూడడం అనే అలవాటు ఉద్యోగుల ఎల్‌టీసీతో, టూరిస్టు బస్సులతో బలపడింది. బస్సు టాపు మీద గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ, వెంట ఓ వంటమనిషి. చార్‌ధామ్ వెళ్లినా మధ్యాహ్నానికి పప్పూ చారూ. ఎగతాళి చేసేవాళ్లు చేశారు గాని, అది వీరాస్వామయ్య పద్ధతికి మిగిలిన ఆనవాలు: తిండి వెంటే ఉంటే ఎక్కడ ఆగినా ఫరవాలేదు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్ వరదలో ఆ ధీమా కూడా కొట్టుకుపోయింది. కొండమీద చిక్కినవాళ్లను డెహ్రాడూన్ దాకా సైన్యం చేర్చింది. అక్కడినుంచి ఇంటికి తేవడానికి ప్రభుత్వం ఒక విమానం, ప్రతిపక్షం ఒక విమానం పెట్టాయి. బురద బట్టలతో ఉన్న యాత్రికుల్ని ఎవరి విమానం ఎక్కించాలన్న దగ్గర మన నాయకులు విమానాశ్రయంలోనే కలబడ్డారు. దేశమంతా టీవీలో చూసింది. మరుసటేడు జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. ఎండాకాలపు ఏరు అలా నిమిషాల్లో ఎందుకు ఉబుకుతుందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

పాపికొండల దగ్గర కాస్త ఆగాలి. ఒకప్పుడు రాజమండ్రి నుంచో పట్టిసీమ నుంచో లాంచీ ఎక్కితే పగలంతా గోదావరి మీదే. పోలవరం పనులు మొదలయ్యాక ఎక్కే చోటు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గరికి జరిగింది. 2019 సెప్టెంబరు 15న ‘రాయల్ వశిష్ఠ’ బోటు అక్కడినుంచే బయల్దేరింది. నదిలో దాదాపు ఐదు లక్షల క్యూసెక్కుల వరద. అంత నీరుంటే ఒడ్డువాళ్లు చేపలకూ పోరు. కచ్చులూరు మందం దగ్గర నది ఇరుక్కుని మలుపు తిరుగుతుంది, సుడి ఎక్కువ. బోటు అక్కడే తిరగబడింది. ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు, అదీ చాలామందిని కచ్చులూరు గిరిజనులు తమ నాటు పడవలు వేసుకుని లాగబట్టి. రెండు వందల అడుగుల పైచిలుకు లోతున పడ్డ బోటును తీయడానికి యంత్రాలూ నిపుణులూ వచ్చి వెళ్లారు. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనుప తాళ్లతో అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది.

మరి అంత వరదలో ఎందుకు బయల్దేరినట్టు? ఆ రోజు ఆదివారం. హైదరాబాదు నుంచీ, వరంగల్ నుంచీ, విశాఖ నుంచీ శనివారం రాత్రి బండెక్కి వచ్చినవాళ్లు సోమవారం పొద్దున ఆఫీసుల్లో ఉండాలి. ఇవాళ వద్దంటే రేపు అనే వీల్లేదు. బోటు యజమానికి బేరం పోతుంది, వీళ్లకు సెలవు పోతుంది. రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడి ఇరవై మందికి పైగా మునిగిపోయిన పడవకైతే అసలు అనుమతే లేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలువాళ్లు. అదీ కార్తీక మాసపు ఆదివారమే. లైఫ్ జాకెట్లు, కంట్రోలు రూములు, నీటిమట్టం లెక్కలు అన్నీ తరవాత వచ్చాయి. మన దగ్గర భద్రతా నిబంధన ఎప్పుడూ శవపంచనామా వెనకే వస్తుంది.

రాత్రి బస్సులదీ ఇదే లెక్క. హైదరాబాదు నుంచి బెంగళూరుకు రాత్రి ఎక్కి పొద్దున దిగితే ఒక రోజు మిగులుతుంది, లాడ్జి ఖర్చు తప్పుతుంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర కల్వర్టును గుద్ది తగలబడ్డ వోల్వోలో 45 మంది పోయారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరు 24న, అదే హైవే మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మోటార్ సైకిలు కిందికి దూరి అంటుకున్న స్లీపర్ బస్సులో దాదాపు ఇరవై మంది. ఈ బస్సులోపల ఎలా ఉంటుందో ఎక్కినవాళ్లకు తెలుసు. ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. రెండు వైపులా పై బెర్తు, కింది బెర్తు, కర్టెన్లు. ఏసీ కోసం బిగించిన అద్దాలు. అద్దం పగలగొట్టే సుత్తి ఒకటి ఎక్కడో తగిలించి ఉండాలి. ఉందో లేదో చూసి పడుకునేవాళ్లు ఎందరు? కింద డిక్కీలో లగేజీతో పాటు ఎవరెవరివో పార్సిళ్లు. చిన్నటేకూరులో సెల్‌ఫోన్ల లోడు కూడా ఉందని తేలింది. ఇక పర్మిట్టు చూస్తే టూరిస్టు పర్మిట్టు. అంటే ఒక బృందం మాట్లాడుకుని వెళ్లే బస్సుకు ఇచ్చేది. సీటు సీటుకూ టిక్కెట్టు అమ్ముకుంటూ రోజూ తిరిగే బస్సుకు కాదు. ఈ సంగతి రవాణా శాఖకు తెలుసు, యజమానికి తెలుసు, యాప్‌లో టిక్కెట్టు అమ్మేవాడికీ తెలుసు. ప్రమాదం జరిగాక ఓ పది రోజులు రాత్రిళ్లు టోల్‌గేట్ల దగ్గర బస్సులు ఆపి తనిఖీ చేస్తారు. తరవాత దీపావళో సంక్రాంతో వస్తుంది. రైళ్లలో సీట్లుండవు, ఈ బస్సులే దిక్కు.

విమానం సామాన్యుడికి అందింది 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాకనే. టిక్కెట్టు చౌకైంది. చౌకవడానికి పక్కన ఉండాల్సినవన్నీ తీసేశారు: అదనపు విమానం, అదనపు సిబ్బంది, భోజనం, మాట్లాడే మనిషి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడల్లా టిక్కెట్టు కొన్నవాళ్లు అప్పులవాళ్ల వరసలో చిట్టచివర నిలబడ్డారు. కరోనాలో రద్దయిన టిక్కెట్ల డబ్బు తిరిగివ్వకుండా, మళ్లీ మా దగ్గరే వాడుకోండి అని కంపెనీలు ఖాతాల్లో పెడితే, వాపసు ఇవ్వాల్సిందేనని 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అన్నట్టు, షిల్లింగు టిక్కెట్టుతో మొదలైన ఆ థామస్ కుక్ కంపెనీ 178 ఏళ్లు నడిచి 2019 సెప్టెంబరు 23న ఒక్క రాత్రిలో మూతపడింది. అప్పటికి విదేశాల్లో ఉన్న దాని ఖాతాదారుల్లో బ్రిటిష్‌వాళ్లే లక్షన్నర మంది. వాళ్లను ఇంటికి చేర్చే పని ప్రభుత్వం నెత్తిన పడింది.

2025 డిసెంబరు మొదటి వారం ఈ బేరం లోగుట్టంతా బయటపెట్టింది. పైలట్ల అలసట వల్ల ప్రమాదాలు రావొచ్చని వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గింపు అంటూ నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించారు. 2025 నవంబరు 1 నుంచి అవి పూర్తిగా అమలు. దాదాపు రెండేళ్ల గడువిచ్చినా దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా మోసే ఇండిగో దగ్గర సరిపడా పైలట్లు లేకపోయారు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. శంషాబాద్‌లో ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొచ్చి విమానం కోసం వచ్చిన అయ్యప్ప స్వాములు గేటు దగ్గరే బైఠాయించి శరణుఘోష చేశారు. నలభై ఒక్క రోజుల దీక్ష చేసినవాళ్లు, దర్శనం స్లాటు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవాళ్లు. తెంకాయ ఉన్న ఇరుముడిని క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికి భద్రతా విభాగం ఆ సీజన్‌కు ప్రత్యేక అనుమతి కూడా ఇచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, నడిపేవాడే లేడు. మిగతా కంపెనీలు రేట్లు పెంచేస్తే సర్కారు దూరాన్ని బట్టి 7,500 నుంచి 18,000 రూపాయల దాకా గరిష్ఠ ధరలు కట్టింది. దాంతో పాటు కొత్త విశ్రాంతి నిబంధనల్లో కొన్నింటినుంచి ఆ కంపెనీకి ఫిబ్రవరి దాకా మినహాయింపు ఇచ్చింది. ప్రయాణికుడి ఇబ్బంది తీర్చడానికి పైలట్ నిద్ర కోశారన్నమాట.

అంతకు ఏడాదిన్నర ముందు, 2024 జూలై 19న, క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకున్నప్పుడు, హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్లే ఓ ప్రయాణికుడికి బోర్డింగ్ పాసు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. చాలామంది నవ్వుకున్నారు; నాకు మాత్రం ఆ కౌంటరు ఉద్యోగి మీద గౌరవం కలిగింది. కాగితం, కలం దగ్గరుంచుకున్నాడు కాబట్టి ఆ విమానం ఎగిరింది.

ఇక మన చేతిలో బొత్తిగా లేనివి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు; కావలి, విశాఖల నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. ఆ వెంటనే కశ్మీర్‌లో 87 పర్యాటక స్థలాల్లో 48 మూసేశారు. సీజన్ మీద ఏడాది బతికే గుర్రాలవాళ్లకు, పడవలవాళ్లకు ఆ ఏడు పోయినట్టే. ఆ ఏడే డిసెంబరులో హెచ్-1బి స్టాంపింగ్ కోసం అమెరికా నుంచి వచ్చిన మనవాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు పరిశీలించాలంటూ కాన్సులేట్లు ఇంటర్వ్యూలను మార్చికో ఆ తరవాతకో జరిపేశాయి. పెళ్లికి మూడు వారాలు వచ్చి, నెలల తరబడి అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని అమెరికా ఉద్యోగాలు చేసినవాళ్లున్నారు. ఆగడానికి ఇల్లుంది కాబట్టి సరిపోయింది. కానీ అక్కడ అద్దె కట్టాలి, పిల్లల బడి ఉంది.

కొన్నిచోట్ల వ్యవధి ఉన్నా మనమే వదిలేసుకుంటున్నాం. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో పడ్డాయి. నడకా డోలీలూ తప్పి జనం పెరిగారు. వేచి ఉండడాన్ని కంపార్టుమెంట్లుగా కట్టి, పాలూ ఉప్మా పెట్టి, గంటల తరబడి వేలమందిని కూర్చోబెట్టగలిగిన ఏకైక సంస్థ టీటీడీ అనుకుంటాను. అలాంటిచోట కూడా 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ద్వారం తెరిచి ఉండేది పది రోజులు. అందరికీ మొదటి రోజే కావాలి. 2015 జూలై 14న రాజమండ్రి కోటగుమ్మం పుష్కర ఘాట్‌లో పాతికమందికి పైగా నలిగిపోయిందీ అలాగే. పుష్కరాలు పన్నెండు రోజులు, గోదావరికి వందల రేవులు, జనం మాత్రం మొదటి పొద్దున ఆ ఒక్క రేవులో.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027 జూన్ 26న మొదలవుతాయని ప్రకటించారు. ఘాట్ల పొడవు, బస్సుల లెక్కలు, ప్రత్యేక రైళ్ల మీద సమీక్షలు జరుగుతున్నాయి. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. అంటే ఏప్రిల్ ఆఖరి వారం నుంచి రోజూ పొద్దున ఎనిమిది గంటలకు, హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో లక్షలమంది ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లలో ఎంతమంది మొదటి రోజుకు కొడతారో, ఎంతమంది ఏడో రోజుకు కొడతారో చూస్తే చాలు, రాజమండ్రిలో బందోబస్తు ఎక్కడ వెయ్యాలో పోలీసులకు రెండు నెలల ముందే తెలిసిపోతుంది.